వ్యవసాయ విస్తరణ విద్య: గ్రంథాలయంలో వెదకటం ఎట్లా?

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరికోతలు దగ్గరపడే రోజులలో అమృతలూరు చుట్టుపట్ల పొలాలకు పోయి చూస్తే, క్రొత్తవారికి వింతగా తోచే పని ఒకటి కంటబడుతుంది. వరి ఇంకా చేనిలో నిలిచి ఉండగానే, కోతకు రెండు మూడు రోజులు ముందుగా, రైతు ఆ పైరు మధ్యనే మినుములు చల్లుతాడు. దుక్కి దున్నడం లేదు. ప్రత్యేకించి నీరు పెట్టడమూ లేదు. వరికి పెట్టిన నీటిలో మాగాణి దాచుకొన్న పదును, చలికాలపు మంచు, ఈ రెంటి ఆధారంతోనే మినుము మొలిచి, పెరిగి, కాస్తుంది.

ఈ పని రోజూ చూసే ఉన్నత పాఠశాల విద్యార్థికి ఎప్పుడో ఒకప్పుడు సందేహం కలగక మానదు. ఈ పద్ధతి రైతులు తమంతట తాము కనిపెట్టుకొన్నదా, లేక ఎవరైనా వచ్చి చెప్పినదా? 2000 తరువాత ఈ ప్రాంతంలో చాలమంది మినుము మాని, అదే మాగాణిలో దుక్కి లేకుండానే మొక్కజొన్న వేయసాగారు గదా, ఆ మార్పు ఒక ఊరి నుంచి మరొక ఊరికి ఎట్లా ప్రాకింది? మినుము చేనిపై పసుపు దారాల వలె అల్లుకొని సారం పీల్చే బంగారుతీగను గురించి శాస్త్రజ్ఞులు చెప్పిన సలహా ఎందరికి చేరింది? చేరినవారిలో ఎందరు పాటించారు?

బంగారుతీగ ఎట్లా మొలుస్తుంది, మినుము కాండంలోకి ఎట్లా చొచ్చుకొని పోతుంది అన్నది వృక్షశాస్త్రానికి సంబంధించిన విషయం. ఆ సంగతి రైతుకు ఎవరు చెప్పారు, విన్నవారు ఏమి చేశారు, విననివారు ఎందుకు వినలేదు అన్నది మరొక శాస్త్రానికి సంబంధించినది. దానినే వ్యవసాయ విస్తరణ విద్య అంటారు. ఈ శాస్త్రంలో పరిశోధనలు చాల జరిగినవి. కాని వాటిని వెదకబోయిన విద్యార్థి సాధారణంగా వట్టి చేతులతో తిరిగి వస్తాడు. పుస్తకాలు లేక కాదు. అవి అతడు ఎరిగిన పేరుతో, అతడు వెదికిన చోట ఉండవు గనుక.

విస్తరణ అనే మాట ఈ అర్థంలో పుట్టినది పొలంలో కాదు, విశ్వవిద్యాలయంలో. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1873లో తన గోడలు దాటి, పట్టణాలలోని సామాన్యుల కొరకు ఉపన్యాసాలు ఏర్పాటు చేసింది. విద్య తరగతి గది వెలుపలికి చాచుకొని పోతున్నది కనుక దానిని విశ్వవిద్యాలయ విస్తరణ అన్నారు. అమెరికాలో 1862 నాటి చట్టం వలన వ్యవసాయ కళాశాలలు, 1887 నాటి చట్టం వలన పరిశోధన క్షేత్రాలు వెలసినవి. అక్కడ తేలిన విషయాలను రైతు ఇంటిదాకా చేర్చే ఏర్పాటు 1914లో స్మిత్–లీవర్ చట్టంతో జరిగింది. భారతదేశంలో 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం, సరిగా ఏడాది తిరిగే నాటికి 1953 అక్టోబరు 2న జాతీయ విస్తరణ సేవ ఆరంభమైనవి. ఇట్లా పుట్టుకలోనే ఈ శాస్త్రానికి రెండిళ్ళు. ఒకటి వ్యవసాయం, రెండవది విద్య. గ్రంథాలయంలో కలిగే చిక్కు అంతా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

గ్రంథాలయాలలో పుస్తకాలను విషయాన్ని బట్టి వర్గాలుగా విభజించి, ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క సంఖ్య ఇస్తారు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణలో విద్యకు 370, వ్యవసాయానికి 630. వ్యవసాయ విస్తరణ గ్రంథాలను సాధారణంగా 630.715 క్రింద పెడతారు. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని బంగారుతీగ కలుపుమొక్క కనుక దానిని గురించిన గ్రంథం 632.5కు పోతుంది. మినుము పప్పుజాతి పైరు కనుక 633.3కు పోతుంది. వయోజనులకు ఎట్లా బోధించాలో చెప్పే గ్రంథం 374లో ఉంటుంది. ఊరిలో ఎవరి మాట ఎవరు వింటారో పరిశీలించిన గ్రంథం సాంఘిక శాస్త్రాల నడుమ 307.72లో, వ్యవసాయానికి ఎన్నో బీరువాల దూరాన, నిలబడి ఉంటుంది. మినుము చేను గట్టున కలిగిన ఒక్క సందేహం కొరకు ఇన్ని బీరువాలు తిరగవలసి వస్తుంది.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అధికారిగా పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు ఈ ఇబ్బందిని బాగా గుర్తించారు. ఆయన 1933లో వెలువరించిన ద్విబిందు వర్గీకరణలో వ్యవసాయానికి జె, విద్యకు టి అనే అక్షరాలు గుర్తులు. ఒక గ్రంథంలో కలిసి ఉన్న అంశాలను విడదీసి, వాటి గుర్తులను విరామ చిహ్నాలతో కూర్చి, ఒకే సంఖ్యలో అన్నిటినీ చూపడం ఆ పద్ధతిలోని విశేషం. అయినా, పద్ధతి ఎంత చక్కనిదైనా, ఒక పుస్తకాన్ని ఒకేచోట నిలబెట్టగలదు. కేటలాగుకు ఆ నిర్బంధం లేదు. గ్రంథకర్త పేరున, గ్రంథం పేరున, విషయాల పేర్లన, ఎన్ని చోట్లనైనా అది ఒకే పుస్తకాన్ని చూపగలదు. అందుచేత బీరువాల ముందు తిరగడం కంటె కేటలాగు ముందు కూర్చోవడం మేలు. ఎట్లాగో తంటాలుపడి సరియైన పుస్తకం ఒక్కటి దొరికించుకొంటే, కేటలాగులో దానికి ఇచ్చిన వర్గసంఖ్యనూ, విషయాల పేర్లనూ వ్రాసుకోవాలి. తరువాత ఆ పేర్లతోనే వెదికితే దాని తోబుట్టువులు ఒకటి వెంట ఒకటి బయటపడతవి. గ్రంథపాలకులు నిత్యం చేసే పని ఇదే. అడిగినవారికి చెప్పడానికి వారెప్పుడూ వెనుదీయరు, అడిగేవారే తక్కువ.

తెనాలి, రేపల్లె ప్రాంతాలవారికి గ్రంథాలయం క్రొత్త వస్తువు కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడిన నాటి నుంచి ఈ ప్రాంతంలో ఊరూరా పఠనమందిరాలు వెలిసినవి. పాతూరి నాగభూషణంగారి పూనికతో 1935లో పెదవడ్లపూడికీ కొల్లూరుకూ మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిచింది. పొలానికి నీరు తెచ్చే కాలువే రేవులకు పుస్తకాలనూ తెచ్చింది. కొల్లూరు అమృతలూరుకు దూరం కాదు.

అయితే పల్లెటూరి గ్రంథాలయంలో పరిశోధన గ్రంథాలు దొరకవు. వాటిని అక్కడ ఆశించడమూ తగదు. అక్కడ దొరికేవి తెలుగు వ్యవసాయ పత్రికలు. వ్యవసాయ శాఖవారి ‘పాడిపంటలు’, వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి ‘వ్యవసాయం’, 1969లో మొదలైన ‘అన్నదాత’, వీటి పాత సంచికలు ఎక్కడ కట్టలు కట్టి ఉన్నా విప్పి చూడదగినవి. వీటిలో వ్యాసం ఏ పరిశోధన మీద ఆధారపడినదో సాధారణంగా చెప్పరు. అది లోపమే. కాని రైతు వాడే మాట, అధికారి వాడే మాట, రెండూ ఒకేచోట దొరకడం వీటి వలన కలిగే లాభం. ఆ మాటలే ముందు ముందు తాళపుచెవులవుతవి.

విశ్వవిద్యాలయంవారు ఏటేటా ప్రచురించే ‘వ్యవసాయ పంచాంగం’ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఏ పైరుకు ఏ రకం విత్తనం, ఎంత మోతాదు, ఏ తెగులుకు ఏ మందు అని ఆ ఏటి సిఫారసులన్నీ అందులో ఉంటవి. ఏడాది గడచిన పంచాంగాన్ని అటక మీద పారవేయడం తెలుగువారి అలవాటు. ఈ పంచాంగం విషయంలో మాత్రం ఆ అలవాటు మానుకోవాలి. పది పన్నెండేళ్ళ పంచాంగాలను వరుసగా పేర్చి, మినుముకు కేటాయించిన పుటలు మాత్రం పోల్చి చూస్తే, ఏ రకం ఎప్పుడు ప్రవేశించింది, ఏది ఎప్పుడు తప్పుకొన్నది, ఏ తెగులుకు ఏ సంవత్సరం నుంచి ఎక్కువ చోటు ఇస్తున్నారు అన్నది స్పష్టంగా తెలుస్తుంది. శాస్త్రజ్ఞులు ఏమి చెప్పారు అన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి ఆధారం లేదు. రైతులు ఏమి చేశారు అన్నదానికి మాత్రం ఇది ఆధారం కాదు. ఈ రెంటినీ కలిపివేయడం క్రొత్తగా వ్రాసేవారు చేసే పొరపాటు.

ఇక పరిశోధన గ్రంథాల కొరకు బాపట్ల పోవాలి. 1945లో అక్కడ వ్యవసాయ కళాశాల నెలకొన్నది. అంతకు పూర్వం ఈ ప్రాంతపు యువకులు వ్యవసాయ శాస్త్రం చదవాలంటే కోయంబత్తూరు పోవలసి వచ్చేది. బాపట్లలోని ఆంధ్ర వ్యవసాయ సంఘంవారు 1954 నుంచి ‘ఆంధ్ర అగ్రికల్చరల్ జర్నల్’ అనే పత్రికను ప్రచురిస్తూ వచ్చారు. డెల్టా పైర్లను గురించిన పరిశోధనలకు అది గని వంటిది. పాఠశాల విద్యార్థులను తీసుకొని పోదలచిన ఉపాధ్యాయుడు ముందుగా ఉత్తరం వ్రాసి, ఏ విషయం మీద ఏమి చూడదలచినారో తెలిపి, అనుమతి పొంది పోవడం మర్యాద. అందువలన పని కూడ సులువవుతుంది.

బాపట్ల పోయినా, ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చున్నా, మొదట చేయవలసిన పని ఒకటే. వెదకబోయే వస్తువుకు ఎన్ని పేర్లున్నవో ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. ఈ పనికి ఒక పూట పట్టినా నష్టం లేదు.

మినుమునే తీసుకొందాం. తెలుగులోనే కొన్ని జిల్లాలలో ఉద్దులు అంటారు. ఇంగ్లీషులో బ్లాక్ గ్రామ్ అనే పేరును కొందరు రెండు మాటలుగాను, కొందరు కలిపి ఒకే మాటగాను వ్రాస్తారు. యంత్రానికి ఆ రెండూ వేరు వేరు మాటలు. ఉత్తరదేశపు శాస్త్రజ్ఞులు ఉర్ద్ బీన్ అంటారు. శాస్త్రనామం కూడ నిలకడగా లేదు. 1956లో హెప్పర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని విగ్నా ప్రజాతిలోకి మార్చి విగ్నా ముంగో అన్నాడు. అంతకు ముందు గ్రంథాలలోనూ, తరువాత కొన్నేళ్ళ పాటూ అది ఫేసియోలస్ ముంగో. ఇందులో మరొక ఉచ్చు ఉన్నది. ముంగో అనే మాట హిందీలోని మూంగ్‌కు దగ్గరది. మూంగ్ అంటే పెసర. పెసరకు నేటి పేరు విగ్నా రేడియేటా. పాత రచయితలలో కొందరు పెసరనే ఫేసియోలస్ ముంగో అని వ్రాశారు. కనుక పాత వ్యాసంలో ఆ పేరు కనబడగానే అది మినుమో పెసరో గింజ వర్ణన చదివి నిర్ధారించుకోవాలి. బంగారుతీగకు సీతమ్మ పోగునూలు అని అందమైన తెలుగు పేరు మరొకటి ఉన్నది. ఇంగ్లీషులో డాడర్, శాస్త్రనామం కస్కుటా.

ఇన్ని మారుపేర్ల మధ్య మారనివి వంగడాల గుర్తులు. ఎల్. బి. జి. అంటే లాం బ్లాక్ గ్రామ్, అంటే గుంటూరు వద్ద లాం పరిశోధన క్షేత్రంలో పుట్టిన మినుము. బి. పి. టి. అంటే బాపట్ల, ఎం. టి. యు. అంటే మారుటేరు. 1986లో విడుదలైన సాంబమసూరిని రైతులు బి. పి. టి. అనీ, 5204 అనీ పిలుస్తారు. శాస్త్రజ్ఞులూ ఆ అంకెతోనే పిలుస్తారు. కొట్టులో విత్తనం కొనే రైతూ, విదేశంలో వ్యాసం వ్రాసే శాస్త్రజ్ఞుడూ ఒకే పేరు పలికే చోటు ఇది ఒక్కటే. వంగడం గుర్తు తెలిసి ఉంటే దానితోనే వెదకడం ఆరంభించాలి.

ఊళ్ళ పేర్లూ అంతే. అమృతలూరు 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నది. బాపట్ల జిల్లా అని వెదికితే ఆ తరువాతి వ్యాసాలే వస్తవి. 1904 నుంచి 2022 దాకా వ్రాసినవి గుంటూరు జిల్లా పేరుతో ఉన్నవి. 1985లో మండలాలు ఏర్పడక ముందు వ్రాసినవాటిలో తెనాలి తాలూకా అని ఉంటుంది. 1953కు పూర్వపు నివేదికలలో ఈ నేల మద్రాసు రాష్ట్రం క్రిందనే దొరుకుతుంది. అప్పటి సాహిత్యం కొంత కోయంబత్తూరు నుంచి వెలువడే ‘మద్రాస్ అగ్రికల్చరల్ జర్నల్’లో ఉన్నది. ఇంగ్లీషు లిపిలో అమృతలూరును కొందరు ‘టి’తో, కొందరు ‘టిహెచ్’తో వ్రాస్తారు. రెండు విధాలా వెదకాలి.

సంస్థల పేర్లు కూడ మారినవి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్. జి. రంగా పేరు పెట్టారు. రంగాగారి స్వగ్రామం నిడుబ్రోలు అమృతలూరుకు ఇరుగుపొరుగే. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత హైదరాబాదులోని భాగం ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో వేరే విశ్వవిద్యాలయం అయింది; రంగా విశ్వవిద్యాలయం గుంటూరు వద్ద లాంకు వచ్చింది. కనుక గుంటూరు జిల్లా రైతులను గురించి వ్రాసిన ఒక పాత సిద్ధాంత గ్రంథం నేడు హైదరాబాదులో ఉన్నదంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

అన్నిటికంటె ఎక్కువగా మారినది విస్తరణ అనే మాటే. 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ నాటికి దీనిని ప్రదర్శన, ప్రచారం అనేవారు. 1950లలో సమాజ వికాసం అన్నారు. 1970ల చివరి నుంచి శిక్షణ–సందర్శన పద్ధతి వచ్చింది. ఆ రోజులలోనే సాంకేతిక విజ్ఞాన బదిలీ అనే మాటా వాడుకలోకి వచ్చింది. 1989లో ఇండొనేషియాలో వరి రైతుల కొరకు మొదలైన క్షేత్ర పాఠశాలలు ఆంధ్రదేశంలో పొలంబడి అయినవి. 2020లో గ్రామాలలో రైతు భరోసా కేంద్రాలు వెలసినవి; 2024లో వాటినే రైతు సేవా కేంద్రాలన్నారు. పని ఇంచుమించు ఒకటే, పేరు మాత్రం పదేళ్ళకొకసారి మారుతూ వచ్చింది. ఏ దశాబ్దపు సంగతి కావాలో ఆ దశాబ్దపు మాటతో వెదికితేనే అది చేతికి వస్తుంది.

పేర్ల జాబితా సిద్ధమైన తరువాత యంత్రం సాయం పొందడం తేలిక. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు 1974లో స్థాపించిన ‘ఆగ్రిస్’ అనే సూచికలో అన్ని దేశాల వ్యవసాయ సాహిత్యం నమోదవుతున్నది. దానికి తోడుగా ఆ సంస్థవారే ‘ఆగ్రోవాక్’ అనే పదకోశాన్ని నిర్మించారు. ఇది మామూలు నిఘంటువు వంటిది కాదు. ఒక్కొక్క భావానికి ఒక స్థానం ఇచ్చి, దానికి వేరు వేరు భాషలలోని పేర్లను అక్కడ చేర్చి, అంతకంటె విశాలమైన భావం ఏది, సంకుచితమైనది ఏది అని కూడ చూపుతారు. ఆ భాషలలో తెలుగు ఒకటి. అన్ని మాటలకూ తెలుగు పేర్లు లేకపోయినా, ఉన్నంతవరకు ఉపాధ్యాయునికి మంచి సాధనం. ఈ రెండూ ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

అమెరికా జాతీయ వ్యవసాయ గ్రంథాలయంవారి ‘అగ్రికోలా’ వ్యవసాయపు ఇంటివైపు నుంచి, అదే దేశపు విద్యాశాఖవారి ‘ఎరిక్’ విద్య ఇంటివైపు నుంచి ఈ శాస్త్రాన్ని చూపుతవి. రైతులకు బోధించే పద్ధతులను గురించి వ్యవసాయ సూచికలలో దొరకనివి ఎరిక్‌లో దొరకడం కద్దు. రెండిళ్ళ సంగతి మరచి ఒక్క ఇంట్లోనే వెదికేవారికి సగం సాహిత్యం కనబడకుండా పోతుంది. ‘క్యాబ్ ఆబ్‌స్ట్రాక్ట్స్’ వీటన్నిటికంటె నిండైనదని పేరు పొందినది గాని, చందా కట్టిన సంస్థలలోనే చూడగలం. తెలుగు విద్యార్థికి అన్నిటికంటె దగ్గరి చుట్టం ‘కృషికోశ్’. భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థల, వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలను అందులో భద్రపరుస్తున్నారు; రంగా విశ్వవిద్యాలయం గ్రంథాలూ ఉన్నవి. కొన్నిటిని పూర్తిగా చదవవచ్చు. కొన్నిటికి సంగ్రహం మాత్రమే కనబడుతుంది. పాత తెలుగు పుస్తకాల కొరకైతే ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’ చూడాలి. అక్కడ తెలుగు పేర్లను ఇంగ్లీషు లిపిలో వ్రాసినవారు ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు వ్రాశారు గనుక ఓపిక కావాలి.

యంత్రాన్ని అడిగే తీరులో తెలుసుకోవలసిన కిటుకు చిన్నది. మినుముకు ఉన్న పేర్లన్నిటి మధ్య ‘ఆర్’ అనే ఇంగ్లీషు మాట ఉంచితే, ఏ పేరు ఉన్నా ఆ గ్రంథం వస్తుంది, వల వెడల్పవుతుంది. మినుము పేర్ల గుంపుకూ, గుంటూరుకూ మధ్య ‘అండ్’ ఉంచితే రెండూ ఉన్న గ్రంథాలే వస్తవి, వల బిగుసుకొంటుంది. ఒక గుంపులో పైరు పేర్లు, ఒక గుంపులో ఊరి పేర్లు, మరొక గుంపులో విస్తరణకు ఉన్న పేర్లు పెట్టుకొని, గుంపు లోపల ‘ఆర్’, గుంపులకు మధ్య ‘అండ్’ వాడాలి. వేల కొలది ఫలితాలు వస్తే ఒక గుంపు చేర్చాలి. ఒక్కటీ రాకపోతే ఊరి పేరు తీసివేసి చూడాలి. సాధారణంగా తప్పు ఊరి పేరులోనే ఉంటుంది.

ఇట్లా వెదికినా దొరకని మంచి గ్రంథాలు మరొక దారిన దొరుకుతవి. ఒక వ్యాసం చివర ఉన్న ఆధార గ్రంథాల పట్టికను పట్టుకొని వెనుకకు నడవడం ఆ దారి. డెల్టాలో మొక్కజొన్న ఎట్లా వ్యాపించిందని వెదికే విద్యార్థి ఆ దారిన నడిస్తే, 1962లో ఎవరెట్ రోజర్స్ వ్రాసిన గ్రంథానికీ, అక్కడి నుంచి 1943లో రయన్, గ్రాస్ అనే ఇద్దరు ప్రకటించిన వ్యాసానికీ చేరుకొంటాడు. అది కూడ మొక్కజొన్న కథే. అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో హైబ్రిడ్ విత్తనం 1928 ప్రాంతాన రైతులకు అందుబాటులోకి వచ్చింది. దానిని ఎవరు ముందు చేపట్టారు, ఎవరు వెనుక పడ్డారు అని వారు రెండు ఊళ్ళలో విచారించారు. విత్తనం సంగతి మొదట చెవిన వేసినవారు ఎక్కువగా విత్తన వర్తకులు. కాని నమ్మకం కలిగించినవారు ఇరుగుపొరుగు రైతులు. రోజర్స్ కూడ ఐయోవా రైతుబిడ్డే. ఆయన తండ్రి హైబ్రిడ్ మొక్కజొన్నను చాలకాలం నమ్మలేదు. 1936 కరవులో పాత పైరు ఎండిపోయి, పొరుగువారి హైబ్రిడ్ పైరు నిలబడిన తరువాత నమ్మాడు. ఐయోవా ఎక్కడ, అమృతలూరు ఎక్కడ! అయినా అడగవలసిన ప్రశ్నలు రెండు చోట్లా అవే.

గ్రంథం చేతికి వచ్చిన తరువాత దానిని చదవడంలోనూ కొంత మెలకువ కావాలి. విస్తరణ విద్యలో సిద్ధాంత గ్రంథం అంటే సాధారణంగా ఒక జిల్లా, అందులో కొన్ని మండలాలు, వాటిలో కొన్ని ఊళ్ళు ఎన్నుకొని, నూరు నూట ఇరవై మంది రైతులను ప్రశ్నించి వ్రాసినది. ఏ సంవత్సరం అడిగారు, ఏ ఊళ్ళలో అడిగారు, కౌలురైతులు అందులో ఉన్నారా, ఆడవారిని అడిగారా అన్నవి ముందు చూడాలి. డెల్టాలో కౌలుకు చేసేవారు ఎందరో ఉండగా పట్టాదారులనే అడిగిన పరిశీలన సగం ఊరినే చూసినట్లు లెక్క.

మరొక సంగతి ఉన్నది. ఇటువంటి గ్రంథాలలో చాలావరకు ‘శాస్త్రజ్ఞుల సిఫారసును రైతు ఎంతవరకు పాటించాడు’ అని అడుగుతవి. పాటించనివానికి తక్కువ మార్కులు. సిఫారసే ఆ నేలకు సరిపడలేదేమో అన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. క్రొత్తదంతా మంచిదే అనుకొనే ఈ పక్షపాతాన్ని రోజర్సే తరువాతి రోజులలో ఎత్తి చూపాడు. కనుక మార్కుల పట్టికలు త్వరగా దాటిపోయి, రైతులు చెప్పిన ఇబ్బందులు వ్రాసిన ప్రకరణం నిదానంగా చదవాలి. విత్తనం సమయానికి దొరకలేదనీ, పల్లాకు తెగులుతో చేనంతా పసుపు పచ్చనైపోయిందనీ, బంగారుతీగ ఏరే కూలికి పంట విలువ చాలలేదనీ చెప్పే మాటలు ఉండేది అటువంటి ప్రకరణంలోనే. గ్రంథంలో రైతు స్వయంగా మాట్లాడే చోటు అది.

ఆ మాటలు అరుగుల మీద తెలుగులో చెప్పినవి. అవి ఇంగ్లీషులోకి మారి, శాతాలై, బైండు కట్టుకొని బీరువా చేరినవి. చెప్పినవారి ఊరికి ఆ పుస్తకం తిరిగి రావడం అరుదు. తమను అడిగి వ్రాసుకొన్న కుర్రవాడు దానితో ఏమి చేశాడో ఆ రైతులలో చాలమందికి తెలియదు. ఈ దూరాన్ని తగ్గించడానికి ఉన్నత పాఠశాలకు మించిన చోటు లేదు. ఇంగ్లీషు చదవగల ఉపాధ్యాయుడూ, ఆ రైతుల పిల్లలూ ఒకే గదిలో ఉండేది అక్కడే.

సిద్ధాంత గ్రంథాలలో చాలవాటికి చివర అనుబంధంగా, రైతులను అడిగిన ప్రశ్నావళి అచ్చువేసి ఉంటుంది. గ్రంథం తిరగవేసేవారు ఎక్కువమంది అక్కడిదాకా పోరు. తమ ప్రాంతాన్ని గురించిన గ్రంథం ఒకటి దొరికినప్పుడు, ఆ ప్రశ్నావళిలో పది ప్రశ్నలు ఎన్నుకొని తెలుగులోకి తెచ్చి, తొమ్మిదవ తరగతి విద్యార్థుల చేత వారి వారి వీధులలోని రైతులను అడిగించవచ్చు. గ్రంథంలోని పాత జవాబులు ఒక వరుసలో, క్రొత్త జవాబులు ప్రక్క వరుసలో వ్రాసుకోవాలి. గ్రంథం పేరు, వ్రాసినవారి పేరు, విశ్వవిద్యాలయం, సంవత్సరం, పుట సంఖ్య కాగితం తలకట్టున వేయాలి. సంక్రాంతి సెలవులు దీనికి అనువైన రోజులు. అప్పటికి మాగాణుల్లో మినుము పూతకు వచ్చి ఉంటుంది. బంగారుతీగ పడిన చేలు గట్టు మీద నుంచే కనబడతవి.